పన్నెండో పేరు

మా సంఘం హాల్లో చచ్చిపోయిన సైనికుడు వచ్చి మాట్లాడాడని ఎక్కడో ఉన్న క్లాంగ్ ఊరి దాకా చెప్పుకుంటున్నారు. అబద్ధం. ఎవరూ రాలేదు. ఆ రోజు మైకు ముందు నిలబడ్డది నేను. దెయ్యాల కథలంటే నవ్వేదాన్ని, ఇప్పటికీ వాటి చాటున దాక్కోను. కథ చెప్పేవాళ్ళు నేను చేసిన పనిని మర్యాదకి వదిలేస్తున్నారు. అది నేనే చెప్తాను.

మలేషియాలోని ఈ పినాంగ్ దీవిలో తెలుగువాళ్ళం గుప్పెడు మందిమి. జపాను యుద్ధంలో వాలంటీర్లుగా వెళ్ళి తిరిగిరానివాళ్ళు మాకు పన్నెండు మంది. ఏటా ఒక ఆదివారం పొద్దున వాళ్ళ పేర్లు చదువుతాం. పేరు వినగానే ఆ ఇంటివాళ్ళు లేచి "మావోడే" అంటారు. ఎవరూ లేవకపోతే హాలంతా అంటుంది.

నేను కార్యదర్శినయ్యాక పేర్ల బోర్డు కొత్తది చేయించాను. సింహాచలం పేరు తీసేశాను. దళం వదిలి పారిపోయాడని ఎవరో అనగా విన్నాను, చనిపోయినట్టు కాగితమూ లేదు. అతని మేనకోడలు పైడమ్మత్త, ఎనభై దాటిన మనిషి, మీటింగులో లేచింది.

"మావోడు పారిపోనేదు తల్లీ. కూడా ఎల్లినోళ్ళు వచ్చి సెప్పినారు."

"సెప్పినోళ్ళు ఏరీ అత్తా? కాగితం సూపించు-లా," అన్నాను, ఆమె యాసలోనే, చివర ఇక్కడి మలాయివాళ్ళ "లా" తగిలించి. కొందరు నవ్వారు. నవ్వించాలనే అన్నాను.

ఆ ఆదివారం ఆమె ముందు వరుసలోనే కూర్చుంది. పదకొండు పేర్లు చదివాను, పదకొండు జవాబులు వచ్చాయి. కాగితం మడిచాను. అప్పుడు హాలంతా "మావోడే" అంది.

ఎవరి పేరుకి అన్నారని అడిగాను. సింహాచలం పేరు నువ్వే కదా చదివావు, పైడమ్మత్త లేవకపోయేసరికి మేమన్నాం, అన్నారు. మా ఆయనా అదే అన్నాడు. నలుగురితో కలిసి అబద్ధమాడే రకం కాదు ఆయన. ఒకరి ఫోనులో రికార్డింగు ఉంది. పదకొండో జవాబు, కాగితం చప్పుడు, కాసేపు ఏమీ లేదు, ఆపైన అందరి గొంతూ. పేరు మాత్రం లేదు.

విననిది ఇద్దరమే, నేనూ పైడమ్మత్తా. ఆమెకు చెవుడు లేదు. వెనక వరుసలో గొణిగినా పట్టేసేది.

"నాకినపడనేదమ్మా," అంది. "ఒక్కపాలి సదువు. ఇంటాను."

మైకు ఇంకా నా చేతిలోనే ఉంది. చదవాల్సింది ఒక్క పేరు. అంతమంది ముందు ఓడిపోయినట్టుంటుందని, బోర్డు సరిచేయించి వచ్చే ఏడు చదువుతాలే అత్తా, అన్నాను. సరేనని తల ఊపింది. ఏడాది తిరక్కుండానే పోయింది.

ఇప్పుడు ఆ పేరు ఏటా చదువుతున్నాను. ఆ ఇంటినుంచి లేచేవాళ్ళు లేరు.

అది ఎవరి గొంతని నేను అడగడం లేదు. ఎంత వాదించుకున్నా తేలనిది ఒకటే. అక్కరలేనివాళ్ళందరికీ వినిపించిన పేరు, వినడానికే వచ్చి కూర్చున్న ఆమెకు ఎందుకు వినిపించలేదు?