లచ్చత్త చెయ్యి, పొడ పొట్టేలు

మా చిన్నప్పుడు... ఎండ పడంగనే మా లచ్చత్త గొర్లదొడ్డి గోడకు ఒరిగి, చెయ్యి చాపి కూసునేది. చేతి మీద బావంచాల గింజలు నూరిన మందు ముద్ద. గట్ల ఎండల మాడ్తే తెల్లమచ్చకు రంగొస్తదని మందులిచ్చే పెద్దమనిషి చెప్పిండు. బొబ్బలు లేసినయి... రంగు రాలే.

లచ్చత్త మా బాపు చెల్లె. లగ్గమైనంక బొల్లి మచ్చలు పొడిసినయి. అంటుకుంటదని మామ మా ఇంట్ల దింపిపోయిండు. "మచ్చ పోంగనే కబురు వెట్టుర్రి, తోల్కపోత" అన్నడు. గా మాట పట్టుకొని కూసున్నది పిచ్చిది.

నేనా, నోటిదూల పోరన్ని. "అత్తా, చేతి మీద పాలొలికినయే" అంటే, "రారా, నాలికతోని తుడువు" అని ఉరికిచ్చేది. గా చేత్తోనే జొన్నరొట్టె తుంచి నోట్ల వెట్టేది... నాకేం అంటుకోలే, ఆమె తిక్క తప్ప.

ఒకనాడు మామ వచ్చిండు. అత్త గబగబ తల దువ్వుకొని, నారాయణపేట చీర కట్టుకొని, కొంగు కింద చెయ్యి దాసి చెంబుల నీళ్లు తెచ్చింది.

"దూప లేదు" అన్నడు... ఎండల నడిసొచ్చిన మనిషి, చెమటలు కారుతున్నయి.

మా మందల ఒక నల్ల పొట్టేలుండె, ఒంటి నిండ తెల్ల పొడలు. "జాతరకు గిదే గావాలె బావా! పొడలు ఎంత సక్కగున్నయో!" అని మామ దాని ఒళ్లంత నిమిరిండు.

దాని ఎంట చెల్లెను గూడ తోల్కపోతడని మా బాపు ఊకెనే ఇచ్చిండు. మామ పొట్టేలుకు తాడు గట్టి, ఎనకకు సూడకుంట పోయిండు.

అత్త గడపల నిలవడి నవ్వింది. "అన్నా... పొట్టేలు మచ్చలు గూడ పోయినంకనే కబురు వెడ్తమని చెప్పకపోతివి?"

తెల్లారి నుంచి అత్త ఎండల కూసోలే. మామ మల్ల రాలే... ఆమె మా ఇంట్లనే ముసలిదైంది.

ఇప్పుడు దవాఖానల పనిజేసే మా మనుమరాలు చెప్తాంది... "తోలుకు రంగిచ్చే కణాలుంటయి తాతా. అవి పోతే మచ్చ పడ్తది. ముట్టుకుంటె అంటుకోదు." నాలుగు చదివి బడి ఎగ్గొట్టినోన్ని, నాకే సమజైంది. గీ ముక్క గప్పుడు ఎవరన్న చెప్పుంటె, మామ చెంబెడు నీళ్లన్న తాగుతుండెనేమో...

మీ ఇండ్లల్ల గిట్ల కొంగు కింద చెయ్యి దాసుకున్నోల్లు ఉండెనా? జర చెప్పుర్రి.

మొన్న ఒక లగ్గంల, చేతులకు మచ్చలున్న పిల్ల అన్నం వడ్డిస్తాంది. అందరు ఎప్పటి తీర్గనే తింటున్రు. కడుపుల జాగ లేకున్నా నేను మల్ల మల్ల వేయించుకున్న... కండ్లల్ల నీళ్లు చూసి, "కారమైందా తాతా?" అన్నదా పిల్ల.