బూడిద గది

పొందూరు దాపున ఉన్న ఆ బియ్యం మిల్లులో బాయిలరు ఊకతో మండేది. దాని ఆవిరితోనే ఇంజనూ, దీపాల కరెంటూ. యంత్రాలు చూసే అప్పలసూరి విప్పి, బిగించి, చేతులు కాల్చుకుని పని నేర్చినవాడు.

ఆ ఏడు పొయ్యికి గాలిపంకా పెట్టారు. మంట పెరిగింది, బూడిద ఎగిరి రాట్నాల వీధి మీద రాలడం మొదలైంది. చేప దవడ పళ్ళతో పత్తి దువ్వి సన్ననూలు తీసే వీధి అది. నలుసులున్నాయని, పత్తిచ్చి నూలు తీసుకునే ఖద్దరు డిపోవాళ్ళు ఆ నూలు తిప్పి పంపేశారు.

"ఈసారీ ఇలాటి నూలే తెస్తే మనకింక పత్తివ్వరంట," అంది అప్పలసూరి భార్య జగ్గమ్మ. "ఇంజనుకి మొగుడినంటావు గదా, దాని మూతి కట్టలేవేటి?"

"కడితే దానికి ఊపిరాడదే."

"మాకు ఆడతన్నాదేటి?"

ఉపాయం అతనికి తెలుసు. పొగగొట్టానికి ముందు ఓ ఇటుక గది కట్టి, పైనుంచి అడ్డుగోడ దించితే, పొగ దాని కిందుగా వంగి నెమ్మదిస్తుంది. బూడిద గదిలోనే రాలుతుంది. బయట గది కట్టేశాడు. కానీ దాన్ని పొగదారికి కలపాలంటే బాయిలరు చల్లారాలి. కోతల కాలంలో అది చల్లారేది అమావాస్యకే. ఆ రోజు పనివాడు పనిముట్టు తాకడు. ఆ అమావాస్య అలాగే వెళ్ళిపోయింది.

నూలు అప్పగించే వారం దగ్గరపడింది. పనిముట్టు అక్కర్లేని పని కదా అని, పొగదారిలో తడి గోనెలు వేలాడదీశాడు. పొద్దున్న వీధి తేటగా ఉంది. మధ్యాహ్నానికి బూడిద తడిసి అడుసులా గోనెలకు పట్టేసింది. పొగకు దారి లేదు. ఊక వేద్దామని ఎర్రన్న పొయ్యి తలుపు తీయగానే మంట వెనక్కి తన్నింది.

ఎర్రన్న జగ్గమ్మ తమ్ముడు. మోచేతులదాకా బొబ్బలు.

"అక్క పత్తికి మసి అంటకూడదని నా సేతులకి రాసినావా బావా?" అన్నాడు.

అప్పలసూరి కొక్కెంతో గోనెలు లాగేశాడు. ఆగిన బూడిదంతా ఒక్కసారిగా వీధి మీద పడింది. ఆ వారం నూలూ తిరిగొచ్చింది. ఇంకొక్కసారి చూస్తామన్నారు.

మళ్ళీ అమావాస్య వచ్చింది. అతను తాపీ, సుత్తి తీశాడు. జగ్గమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"అమావాస్యనాడు ఇనుము ముడతావేటి? నా తమ్ముడి సేతులు సాల్లేదా?"

"ముట్టకూడదనే గోనెలు కట్టేను. తప్పుకోయే."

సాయంత్రానికి గది కలిపి పొయ్యి ముట్టించారు. "దూరంగా నిలబడరా," అని ఎర్రన్నతో చెప్పి, తలుపు తనే తీశాడు. మంట లోపలికే వంగింది.

మర్నాడు గది అడుగు నుంచి బూడిద గంపలకొద్దీ ఎత్తారు. జగ్గమ్మ మాత్రం, బూడిద పడుతుందేమో చూద్దామని రాత్రి పెరట్లో పరిచిన పాత పంచె తెచ్చి అతని ముందు పెట్టింది. పెద్ద నలుసులు లేవు. వేలితో రాస్తే సన్నటి బూడిద చార కనబడింది.

"దీన్నేటి సేస్తావు?"

"తెలీదే."

ఆమె పత్తిబుట్ట లోగదిలోకి జరిపి, గాలి రాకుండా కిటికీ మూసి, ఆ ఉక్కలోనే దువ్వడానికి కూర్చుంది.