తొమ్మిది మందికి వంట

మా పేట చర్చిలో ఎజెల్ పెట్‌వే ఎప్పుడూ చివరి వరుసలోనే కూర్చునేవాడు. మంటలార్పుతూ పొగ మింగి మింగి గొంతు పోయింది. పాటలకు పెదవులు మాత్రం కదిపేవాడు. అలబామాలోని మా ఊళ్ళో ఫైర్ స్టేషన్‌లోకి నల్లవాళ్ళను తీసుకోక తప్పదని కోర్టు చెప్పిన ఏడాది ఉద్యోగంలో చేరినవాడతను.

స్టేషన్‌లో అతనితో కలిపి తొమ్మిది మంది, మిగతావాళ్ళంతా తెల్లవాళ్ళే. వంట వంతులవారీగా చేసుకుని, అందరూ ఒకే బల్ల దగ్గర తినాలి. ఎజెల్ తన మొదటి వంతున పంది మాంసం వేసి అలసందలు ఉడికించాడు, మొక్కజొన్న రొట్టె కాల్చాడు. ఒక్కరూ ముట్టలేదు. ఎవరి డబ్బాలు వాళ్ళు తెరుచుకుని తిన్నారు.

"కోర్టు వండిన కూర మాకెందుకయ్యా, కోటా?" అన్నాడు వాళ్ళలో ఒకడు, డ్వైట్ హేగుడ్. ఎజెల్‌కి ‘కోటా’ అన్న పేరే స్థిరపడిపోయింది.

నిండు గిన్నె ఇంటికి తెచ్చిన ప్రతిసారీ భార్య ఐడెల్లా విసుక్కునేది. "నీ ఒక్కడికే వండుకోరాదూ?"

"తక్కువ వండితే, వీడే మాకు పెట్టలేదంటారు. ఆ మాట వాళ్ళకి దొరకనివ్వను."

ఏళ్ళు గడిచేకొద్దీ ఒక్కొక్కరే పళ్ళెం చాపారు, చాలామంది అతనితో కలిసి మంటల్లోంచి బయటపడ్డ మర్నాడే. హేగుడ్ మాత్రం చాపలేదు.

ఎజెల్ కోరుకున్నది ఒక్కటే, ఆ జట్టును నడిపే లెఫ్టినెంట్ కావాలని. అయ్యాడు. పరీక్షలో తనకే ఎక్కువ మార్కులొచ్చినా రంగు చూసి ఆ పదవి ఎజెల్‌కిచ్చారని హేగుడ్ కోర్టుకెక్కాడు.

"నేనెవరికీ సంకెళ్ళు వెయ్యలేదు ఎజెల్. నాకూ పిల్లలున్నారు," అన్నాడు హేగుడ్ ఒకనాడు స్టేషన్ మెట్ల మీద.

"వెయ్యలేదులే. కానీ ఆ పరీక్షకి నీకు పాఠం చెప్పింది మీ నాన్న. ఇక్కడే రిటైరయ్యాడుగా. మా నాన్నని ఆ గేటు దాటనివ్వలేదు. నాకెవరు చెబుతారు?"

"దానికి నా పిల్లలు నష్టపోవాలా?"

ఎజెల్ మెట్లెక్కి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ ప్రశ్నకి జవాబు ఈ వయసులో ఆలోచించినా నాకు దొరకడం లేదు.

హేగుడ్ గెలిచాడు, ఆ పదవి అతనిదైంది. తీర్పొచ్చిన రోజు వంట వంతు ఎజెల్‌దే. చొక్కా మీది లెఫ్టినెంట్ బిళ్ళ తీసి బల్ల మీద పెట్టి, ఎప్పటిలాగే తొమ్మిది మందికీ వండాడు. ఆ రోజు హేగుడ్ మొదటిసారి పళ్ళెం చాపాడు.

"బాగా వండావు."

"మొదటి రోజూ ఇదే వండాను."

మర్నాడు పొద్దున ఐడెల్లా గిన్నె మూత తీసి చూసింది. ఖాళీ.

"అతనూ తిన్నాడా?"

"తిన్నాడు."

"మరి బిళ్ళ?"

"పెట్టుకున్నాడు."

ఐడెల్లా గిన్నెలో నీళ్ళు పోసి నానబెట్టింది.