పరిగె ఏరించిన టీచరమ్మ

టీచరమ్మ పోయిందన్న కబురు వికారాబాదు నుంచి పొద్దుటి బండిలో వచ్చింది. తెచ్చింది ఆమె చెల్లెలి భర్త. గడపలో నిలబడి రెండు ముక్కలు చెప్పి, మంచినీళ్లు కూడా తాగకుండా పక్కింటికి వెళ్లిపోయాడు. నేను ఉతికిన చీర మడత పెడుతున్నాను. పెడుతూనే ఉన్నాను.

"సూడు, కంట్ల సుక్క లేదు," అంది అమ్మ వదినతో. "కాలేజీ సదువు కండ్లల్ల నీళ్లు గూడ గుంజేసింది."

"గట్ల కాదత్తమ్మా. హైదరాబాదు నౌకరి ముచ్చటల జర పరేషాన్ల ఉన్నది," అంది వదిన. నన్ను వెనకేసుకొచ్చాననే అనుకుంది పాపం. నాన్న మాత్రం, చదువు ఎక్కువైతే ముందు దేవుడి మీద భక్తి, తర్వాత మనుషుల మీద ప్రేమ పోతాయని నిట్టూర్చాడు.

ముగ్గురూ పొరబడ్డారు. నాకు వచ్చింది కోపం. మా ఇంట్లో ఆడపిల్లకు కోపం వస్తే దాన్ని కోపమని ఎవరూ అనరు. గర్వమంటారు, జ్వరమంటారు, పెళ్లీడు వచ్చిందంటారు.

తెలియనివారి కోసం చెబుతాను. పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు టీచరమ్మ తాండూరు వచ్చింది. అప్పటికే భర్త లేడు. వారమంతా చుట్టుపక్కల ఊళ్లకు నడిచిపోయి ఆడవాళ్లకు వాక్యం చెప్పేది. ఆదివారం మాత్రం పెద్ద పిల్లలు ఆమె పాలు. చిన్నపిల్లలకు పాటలున్నాయి, రంగుల బొమ్మలున్నాయి. పన్నెండు దాటి, పెళ్లికీ పనికీ ఇంకా అందని మా బోటివాళ్లను ఎవరూ కోరుకోలేదు. మేము ఎదురు ప్రశ్నలు వేస్తాం కదా. ఆమె కోరి తీసుకుంది.

మా చర్చి గుడి వరండాలో నల్లబండల నేల. ప్రార్థన మొదలు కాకముందే వచ్చి ఊడ్చేది. చేతిరుమాలులో చుట్టిన సుద్దముక్క తీసి ఆ నేల మీదే బొమ్మలు గీసేది. ఆమె గొర్రెకూ కుక్కకూ తేడా ఉండేది కాదు. "గొర్రె అనుకోండ్రి," అనేది. పాస్టరు అయ్యగారి ప్రసంగంలో కునుకు తీసేది కానీ, ఆమెన్ మాత్రం అందరికంటే ముందు ఆమె నోటి నుంచే వచ్చేది. మొండిది. ఏ పనీ ముందుగా చెప్పి చేసేది కాదు, చేసినదానికి సంజాయిషీ ఇచ్చేది కాదు.

కథ అయిపోగానే నీతి ఏమిటని అడగడం లోకంలో వాడుక. ఆమె అడిగేది వేరు: "ఇప్పుడు చెప్పుండ్రి, ఎవరి మీద కోపమొచ్చింది?"

మార్త, మరియల కథ చెప్పిన రోజు నాకింకా గుర్తుంది. ఇంటికి వచ్చిన ప్రభువు కోసం అక్క మార్త వంట పనిలో సతమతమవుతుంటే, చెల్లెలు మరియ ఆయన కాళ్ల దగ్గర కూర్చుని మాటలు వింది. ఆడపిల్లలందరికీ మరియ మీదే కోపం. "ఆమె కాళ్ల కాడ కూసుంటె మరి గిన్నెలెవరు తోమాలె టీచరమ్మా?" అన్నాను నేను. అప్పుడు నాకు పదమూడేళ్లు.

"మార్త గూడ గదే అడిగింది. ప్రభువు జవాబు చెప్పిండు. మరి ఆ దినం అన్నం తిన్నరా, తినలేదా? రాసినాయన రాయలే. ఎందుకు రాయలేదంటవ్?"

వారం రోజులు నేను దాని గురించే ఆలోచించాను. బి.ఏ.లో మూడేళ్లలో ఏ లెక్చరరూ నన్ను ఒక ప్రశ్న మీద వారం రోజులు నిలబెట్టలేదు. "కోపం రాలేదంటె కథ ఇంక చెవుల్నే ఉన్నది, లోపటికి పోలే," అనేది ఆమె. మమ్మల్ని ఆలోచించనిచ్చినందుకు ఆమెకు నేను రుణపడ్డాను.

నిరుడు పరీక్షల ముందు సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు ఆమె రూతు కథ చెబుతోంది. మొగుడు పోయిన కోడలు, బతుకుతెరువు పోయిన అత్త. కోడలు బోయజు అనే ఆసామి పొలంలో పరిగె ఏరి అత్తకు తిండి పెట్టడం. ఒక పిల్లవాడు లేచి, "పరిగె అంటే ఏంది? దొంగతనమా?" అన్నాడు. వాడు సంఘ పెద్దగారి అబ్బాయి. కూలివాళ్ల పిల్లలు పగలబడి నవ్వారు. "దొంగతనం గాదురా, కోతలైనంక రాలిన కంకులు ఏరుకునుడు. మా అమ్మ పోతది, అడుగు," అంది ఒక పిల్ల.

టీచరమ్మ నవ్వలేదు. ఆ అబ్బాయి నాయనమ్మ పరిగె ఏరి కొడుకును బడికి పంపిందని ఆమెకు తెలుసు. వాడికే తెలియదు.

మరుసటి ఆదివారం గుడి విడవగానే పిల్లలందరినీ పొలానికి నడిపించింది. తోడు రమ్మంటే నేనూ వెళ్లాను. జొన్నకోత అయిన చేను, ఊళ్లో ఒక పటేలుది. ఆయన గట్టు మీద నిలబడి, "చర్చి పిల్లలకు కంకులు కరువైనయా టీచరమ్మా?" అని నవ్వాడు.

"కంకుల కోసం గాదు పటేలా. మా పుస్తకంల రాసి ఉన్నది, ఎట్లుంటదో సూపిస్తున్న."

"మీ పుస్తకంల గూడ ఉన్నదా? రాలింది ఎత్తద్దని మా తాత చెప్పేటోడు. ఏరుకోండ్రి, ఏరుకోండ్రి."

ఇస్త్రీ బట్టల్లో పిల్లలు మధ్యాహ్నం దాకా వంగి ఏరారు. పెద్దగారి అబ్బాయికి పిడికెడు కూడా దొరకలేదు. కూలివాళ్ల పిల్లలు వాడికి దగ్గరుండి చూపించారు, ఎక్కడ చూడాలో, మట్టిలోంచి కంకి ఎట్లా లాగాలో. తరగతిలో ఎప్పుడూ వెనక కూర్చునే పిల్లలు ఆ రోజు పంతుళ్లయ్యారు. ఇంటికి పోతూ ఆ అబ్బాయి నన్ను అడిగాడు: "అక్కా, రూతుకు నడుము నొయ్యలేదా?" కథ చెవి దాటిందని నాకు అప్పుడు తెలిసింది.

బుధవారం సంఘం కమిటీ కూర్చుంది. "మా పిల్లలకు బడి ఎందుకు పెట్టిచ్చినమమ్మా? మల్ల చేన్లల్ల వంగనీకా?" అన్నాడు పెద్దగారు. ఆ మాటలో న్యాయం లేదని నేను అనను. వంగీ వంగీ ఆయన తల్లి నడుము చివరికి నిటారుగా నిలవలేదు.

టీచరమ్మ కూర్చున్నచోటే కూర్చుని అంది: "రూతు వంగింది పెద్దయ్యా. ఆమె మునిమనుమడు రాజయిండు. రాజయినంక గూడ ఆ ముచ్చట పుస్తకంల కెల్లి ఎవ్వలు కొట్టెయ్యలే."

కమిటీలో నాన్న ఉన్నాడు, మాట్లాడలేదు. తలుపు దగ్గర నేనున్నాను. పొలానికి వెళ్లింది నేను, ఆ పిల్లవాడి ప్రశ్న విన్నది నేను. పరీక్షలు దగ్గరికొచ్చాయని, నాకెందుకని, నేనూ మాట్లాడలేదు. పెద్ద పిల్లల తరగతి ఆమె చేతిలోంచి తీసేసి, కంఠత వాక్యాలు అప్పజెప్పించే ఒక యువకుడికి ఇచ్చారు.

ఆ రాత్రి అన్నం పెడుతూ అమ్మ, "మంచిగైంది ఆమెకు," అంది. గరిటె గిన్నెలో పెట్టి తనే మళ్లీ అంది: "జొన్న కొయ్యలు కాళ్లల్ల గుచ్చుకుంటె ఎట్లుంటదో ఆమెకెరుకా? పదేండ్లు ఏరిన నేను. మా అవ్వ ముందు నడుస్తుంటె ఆమె అడుగులల్ల అడుగేసుకుంట వోయేదాన్ని."

ఇరవై ఒక్క ఏళ్లలో అమ్మ నాకు ఈ మాట చెప్పలేదు. తిట్టడానికి మొదలుపెట్టి, చల్లారిన అన్నం ముందు గంటసేపు కూర్చుని, తన అవ్వ గురించి చెప్పింది. నవ్వింది కూడా.

తర్వాత టీచరమ్మకు దగ్గు ముదిరి వికారాబాదులో చెల్లెలి ఇంటికి చేరింది. పరీక్షలయ్యాక ఇంటికి వస్తూ దారిలో బండి దిగి వెళ్లి చూశాను. మంచంలో సగం మనిషి అయిపోయింది. అమ్మ చెప్పిన సంగతి అంతా చెప్పాను. కళ్లు మూసుకుని విన్నది. విని, "మరి ఆ బుధారం నీ నోట్ల బెల్లమున్నదా బిడ్డా?" అంది.

ఫికర్ చెయ్యకని ఆమె అంటుందేమోనని చూశాను. అనలేదు. చెల్లెలిని పిలిచి, "పిల్ల బండి దిగి వచ్చింది, ఇంత అన్నం పెట్టు," అంది. అదే ఆఖరు.

మొన్న టీచరమ్మ కోసం గుడిలో జరిగిన ఆదరణ కూడికలో పెద్దగారు లేచి, టీచరమ్మ మన పిల్లలను వాక్యంలో పెంచిన తల్లి అన్నాడు. అందరూ తలలూపారు. కంఠత వాక్యాల తరగతిలో ఇప్పుడు ఐదుగురే మిగిలారన్న మాట ఎవరూ ఎత్తలేదు. వెనక ఖాళీగా ఉన్న చాపల మీద ఆ కూలివాళ్ల పిల్లలు ఒక్కరూ లేరు. బయటికి వస్తుంటే పెద్దగారు నన్ను ఆపి, "నువ్వు సదువుకున్నదానివి. మన సంఘం పత్రికకు ఆమె మీద నాలుగు మంచి మాటలు రాయి బిడ్డా. గా పరిగె ముచ్చట మాత్రం వద్దు," అన్నాడు.

ఆ ముచ్చట తీసేస్తే టీచరమ్మ గురించి రాయడానికి నా దగ్గర మిగిలేది సుద్దముక్కా కునుకూ మాత్రమే. అందుకని రాశాను.

హైదరాబాదు బడిలో ఉద్యోగానికి రానని నిన్న ఉత్తరం వేశాను. నాన్న అప్పటి నుంచి నాతో మాట్లాడడం లేదు. వదిన దీనికీ ఏదో కారణం కనిపెట్టే ఉంటుంది. ఇక్కడే మిడిల్ స్కూల్లో పని అడిగాను, ఇస్తామన్నారు.

పెద్ద పిల్లల తరగతిని ఈ ఆదివారం నుంచి నేను తీసుకుంటున్నాను. కమిటీ నాకు ఇవ్వలేదు. నేను అడగలేదు.