దస్తూరి సోమన్న

పోయిన వేసవి దాకా సోమన్న ఇళ్ళ ప్లాన్ల ఆఫీసు ప్రహరీ పక్కన, రేకు పందిరి కింద చెక్కబల్ల వేసుకుని అర్జీలు రాసేవాడు. ఇరవై తొమ్మిదేళ్ళు రాశాడు. నర్సీపట్నంలో ఇల్లు కట్టుకోదలచినవాళ్ళు మేస్త్రీని కలిసే ముందు ఆయన్ని కలిసేవారు. మా ఇంటి అర్జీ రాసింది కూడా ఆయనే. పని అయ్యే రోజు కాకపోతే మొహం మీదే చెప్పేసేవాడు.

"ఇయాల లోపలికెల్లకండి. సారు గొలుగొండ ఎల్లీసినారు. ఊరికే చెప్పులరిగిపోతాయి. బుధవారం రండి."

ఏ కాగితం రాసినా చివర ఎడమ మూల "దస్తూరి: సోమన్న" అని రాసి సంతకం పెట్టేవాడు. అలా రాయమని ఎవరూ అడిగేవారు కాదు, పాత దస్తావేజుల అలవాటు. నేనోసారి ఎందుకని అడిగాను. "రాసినోడి పేరు లేపోతే ఆ కాయితానికి పూచీ ఎవరండీ?" అన్నాడు.

ప్లాన్ల సెక్షన్‌లో గుమాస్తా జగదీశ్వరరావు గారు. ఆయనా సోమన్నా ఒకే బడ్డీలో పద్దెనిమిదేళ్ళు కలిసి టీ తాగారు. అనుమతులు త్వరగా ఇవ్వాలి, జనాన్ని తిప్పకూడదు, ఒక సహాయ కౌంటర్ పెట్టాలి అని పైనుంచి ఉత్తర్వు వచ్చినరోజు ఆయన టీ గ్లాసు పట్టుకుని బల్ల దగ్గరికే వచ్చాడు.

"సోమన్నా, ఫైలు ఎందుకు వెనక్కొస్తుందో మాకంటే నీకే బాగా తెలుసు. అన్నీ వరసగా రాసిపెట్టు. కౌంటర్లో కుర్చీ నీదే."

సోమన్న నాలుగు రోజులు కూర్చున్నాడు. చదువురాని వాడికి చదివి వినిపించినా అర్థమయ్యేలా, ముప్పై ఒక్క కారణాలు, ఒక్కోదానికి ఏం చేయాలో కూడా రాశాడు. ముప్పై ఒకటోది చూరు సంగతి. ఇక్కడి పాత పెంకుటిళ్ళ దస్తావేజుల్లో హద్దు గోడ దాకా ఉండదు, "చూరు నీళ్ళు పడే మేర" అని ఉంటుంది. సర్వేయరు గోడ నుంచి గోడకే టేపు పడతాడు. మూరెడు తేడా వస్తుంది, ఫైలు వెనక్కొస్తుంది. ఆ మూర మీద తనకు తగువు లేదని పక్కింటివాడు ముందే ఒక తెల్లకాగితం మీద ఒప్పుకుంటే చిక్కు లేదు.

"లోపల ఫేను కింద కూకుంటావా?" అంది ఆయన భార్య మంగాదేవి. "ఐతే ఆ గళ్ళలుంగీ మానీ. నన్ను నవ్వులపాలు సెయ్యకు."

కౌంటర్ మొదలయ్యే రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. కుర్చీలో ఎవరో అమ్మాయి కూర్చుని ఉంది. పేరు సత్యశ్రీ అట, కొత్తగా వచ్చింది. ఆమె చేతిలో అచ్చు వేసిన కాగితం. మాటలన్నీ సోమన్న రాసినవే. తల ఎత్తితే గోడ మీద ఫ్లెక్సీ: "దళారులను నమ్మి మోసపోవద్దు. ఈ క్రింది వ్యక్తులతో ఈ కార్యాలయానికి ఎటువంటి సంబంధం లేదు." కింద మూడు పేర్లు. మొదటిది తనది.

పక్కనే నిలబడ్డ జగదీశ్వరరావు గారు తల దించుకోలేదు. అదే తనకు ఎక్కువ బాధ అన్నాడు సోమన్న, నాతో చెప్పినప్పుడు.

"పైనుంచి పేర్లు అడిగారు సోమన్నా. అసలు బ్రోకర్లు ఏ కాగితం మీదైనా పేరు రాస్తారా? ఫైళ్ళు తిరగేస్తే ప్రతిదాని కిందా నీ పేరే. నేనేం చెయ్యను?"

"నా కుర్చీ అన్నారు గదండీ."

"బోర్డు మీద పేరున్నవాణ్ణి లోపలెలా కూర్చోబెడతాను, నువ్వే చెప్పు. పద, టీ తాగుదాం."

"నాను ముప్పై ఒకటి రాసినానండి. ఇక్కడ ముప్పయ్యే ఉన్నాయి."

"చూరు సంగతి తీసేశాను. అది రూల్సులో లేదు."

సోమన్న టీకి వెళ్ళలేదు. బయటికొచ్చి బల్ల దగ్గర నిలబడ్డాడు. అప్పుడే నూకరత్నం కౌంటర్ నుంచి వచ్చింది. మార్కెట్లో చేపలమ్ముకునే మనిషి. సముద్రం ఒడ్డు ఊరు వదిలి వచ్చి బలిఘట్టంలో ఒక పాత పెంకుటిల్లు కొనుక్కుంది. సగం కూలిన ఆ ఇల్లు పడగొట్టి వానల్లోపు స్లాబు వేసుకోవాలని ఆమె ఆత్రం.

"అరగంటలో అయిపోనాది బాబూ! అచ్చం నువ్వు సెప్పినట్టే సెప్పిందా పిల్ల. అన్నీ సరిపోనాయంట."

సోమన్న ఆమె దస్తావేజు నకలు తీసుకుని చూశాడు. చూరు నీళ్ళు పడే మేర. ఊరుకుంటే ఊరుకోవచ్చు. ఫైలు వెనక్కొస్తుంది, కౌంటర్ పరువు పోతుంది, జగదీశ్వరరావు గారు మళ్ళీ బల్ల దగ్గరికి వస్తారు. అలా అనుకున్నానని నాతో ఒప్పుకున్నాడు కూడా.

"సరిపోలేదమ్మా," అన్నాడు. "పక్కింటోడి ఒప్పుకోలు కాయితం కావాల."

"ఐతే రాసియ్యి, బేగి. సింగన్న ఇంటికాడే ఉన్నాడు, ఏలిముద్ర ఏయించేత్తాను."

రాశాడు. పది వరసలు. కలం అలవాటుగా ఎడమ మూలకు పోయింది. నూకరత్నం ఆ చేతి మీద తన చెయ్యి వేసింది.

"బాబూ, నీ పేరు మాత్రం ఎట్టకు. లోపల ఆ బోర్డు సదివి ఇనిపించినారు. నా ఫైలు ఆపీగల్రు. ఏటనుకోకు."

"అనుకోడానికేటుందమ్మా," అని సోమన్న కలానికి మూత పెట్టాడు.

పదకొండో రోజున ఆమెకు అనుమతి వచ్చింది. ఆ సాయంత్రమే సోమన్న బల్లను రిక్షా మీద ఇంటికి తెప్పించుకున్నాడు.

న్యాయంగా చెప్పాలంటే కౌంటర్ బాగా నడుస్తోంది. నాతవరం నుంచి ఆటోలో వచ్చినవాడు ఆటో తిరిగి బయల్దేరేలోగా పని ముగించుకుంటున్నాడు. మొన్న మా తమ్ముడి పని మీద వెళితే సత్యశ్రీ ఓ జిరాక్సు కాగితం ఇచ్చింది. "పాత పెంకుటిల్లు కదండీ, ఈ నమూనాలో పక్కింటివారి చేత రాయించుకు రండి. ఎవరు రాశారో గానీ చాలా బాగుంది. అందరికీ ఇదే ఇమ్మన్నారు సారు." నూకరత్నం, సింగన్నల పేర్లున్న చోట తెల్లకాగితం అంటించి జిరాక్సు తీశారు. దస్తూరి సోమన్నదే, గుండ్రంగా, దీర్ఘాలు పైకి సాగి.

ఆ కాగితం పట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళాను. అరుగు మీద పేపరు చదువుతున్నాడు. చూపించాను. కళ్ళజోడు సవరించుకుని, మొదటి వరస నుంచి చివరి వరస దాకా, ఎవరో రాసింది చదివినట్టు నిదానంగా చదివాడు.

"తప్పుల్లేవండి," అని నా చేతికిచ్చి, పేపరు మళ్ళీ తెరిచాడు.