పోచన్న వయసు

పోచన్న నోట్లో నాలుక లేనివాడు. అడిగితే జవాబు, చెబితే పని, అంతే. డెబ్బై తొమ్మిదిలో జగిత్యాల దగ్గరి మా ఊరి నుంచి గల్ఫ్‌కు, అల్ ఐన్‌లో ఖర్జూరపు తోట పనికి వాణ్ణి తీసుకెళ్లింది నేనే. అప్పుడు వాడికి పదహారు. పాస్‌పోర్టులో ఏజెంటు ఇరవై నాలుగు రాయించాడు, మావాళ్లందరికీ అలాగే రాయించేవాడు. మీసం మొలుస్తుందని బొంబాయిలో రోజూ వాడి నున్నటి మూతి గీయించాను.

"నేను, మీ ఆశన్నను, చెప్తున్న, యాదుంచుకో. యూనిఫాం ఏసుకున్నోడు ఎవడడిగినా చౌబీస్, ఇరవై నాలుగు అనాలె. లేకుంటే ఖలాస్, ఇంటికి తోలిస్తరు," అని వల్లె వేయించాను.

మరుసటేడు మాకు వీసా ఇచ్చిన తోట యజమాని, మా కఫీల్ ఇంట్లో చేతిగడియారం పోయింది. ఆ రోజు లోపలికి వెళ్లింది ఇద్దరే. ఏసీ బాగుచేసిన ఇంగ్లీషు దొర, ఖర్జూరాల బుట్ట ఇచ్చొచ్చిన పోచన్న. దొరకు చాయ్ ఇచ్చి సాగనంపారు. పోచన్నను జీపెక్కించారు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి. ఆ మెత్తనివాడు నల్లగా, లుంగీ కట్టుకుని ఉంటే ఇంక అడ్డేముంది? అరబ్బీ కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. దొంగతనం ఒప్పుకున్నట్టు అందులో రాసుందట.

కోర్టులో దుబాసీ గులాం మొహిద్దీన్, హైదరాబాదు మనిషి. ఆయన్ను బతిమాలి అసలు వయసు చెప్పాను.

"పద్దెనిమిది నిండకుంటే జైలుండది, ఇంటికి పంపుతరు. జడ్జి సాబ్‌కు చెప్త. కానీ ఆయన పిల్లగాన్నే అడుగుతడు," అన్నాడు.

ఆ మాట పోచన్నకు అందించే దారి లేదు. జైల్లో నన్ను కలవనివ్వలేదు.

జడ్జి వాడి మూతికేసి చాలాసేపు చూశాడు. మొహిద్దీన్ మెల్లగా, "బేటా, డరో మత్. సచ్చీ ఉమర్ బోలో," అని అసలు వయసు చెప్పమన్నాడు. పోచన్న పక్కనున్న పోలీసు యూనిఫాం చూశాడు. నేను లేవబోతే ఇంకో పోలీసు భుజం నొక్కి కూర్చోబెట్టాడు. వాడు నిటారుగా నిలబడి, నేను నేర్పినట్టే, "చౌబీస్ సాబ్," అన్నాడు.

మూడేళ్లు వేశారు. ఆర్నెల్లకే ఆ గడియారం సోఫా సందులో దొరికిందని వంటవాడు చెప్పాడు. కోర్టుకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

విడుదలయ్యాక వాణ్ణి ఊరికి తెచ్చాను. వాళ్లమ్మ సమ్మవ్వ నాకు పీట వేసి మంచినీళ్లిచ్చింది. తిట్టినా బాగుండేది. మొన్న రేషన్ కార్డులు రాసే ఆయన వచ్చి వాణ్ణి వయసెంతని అడిగాడు.

పోచన్న నా వైపు తిరిగి, "ఎంత చెప్పాలె అన్నా?" అన్నాడు.