రెండు వేళ్ల గుడ్డ

మా ఎదురు గదిలోకి ఆ అమ్మాయి దిగిన రోజు నేను తలుపుకున్న గాజు కంతకి కన్ను ఆనించి నిలబడ్డాను. వెనకనుంచి మా ఆయన, "నీ ముక్కు నీకంటే ముందే గడప దాటుతుంది," అన్నారు. దాటనీ. ఈ దేశం వచ్చి ఇరవై ఆరేళ్లయింది. ఈ మూడంతస్తుల మేడలో ఎవరింట్లో కుళాయి కారుతోందో, ఎవరికి జలుబు చేసిందో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

పెట్టెకి తాడు కట్టి ఉంది. మోస్తున్నవాడు పొడుగ్గా ఉన్నాడు, ముంజేతుల నిండా నిప్పురవ్వలు పడ్డ మచ్చలు. వెల్డరని అప్పుడే పోల్చుకున్నాను. ఆమె అతని చొక్కా కొస పట్టుకుని వెనకే మెట్లెక్కింది. అతను కుళాయి తిప్పి చూపించాడు, కిటికీ గడియ వేసి చూపించాడు, గంట గడిచాక వెళ్లిపోయాడు. పెళ్లాన్నీ పెట్టెనీ ఒక్కచోట దించేసి పోయే మొగుడేమిటని ఆ పూట నాకు అన్నం సయించలేదు.

మర్నాడు తలుపు కొట్టి సంగతి లాగాను. అతను ఓడలు మరమ్మతు చేసే యార్డులో పని చేస్తాడు. నాలుగేళ్లుగా యార్డు వాళ్ల షెడ్డులో, గదికి ఎనిమిది మంది మగవాళ్ల మధ్య ఉంటున్నాడు. బయట ఇల్లు తీసుకోవడానికి అతని ఒప్పందం ఒప్పుకోదు. పెళ్లయి ఆరేళ్లు. అన్నీ కలుపుకుంటే ఇద్దరూ ఒక కప్పు కింద ఉన్నది ఐదు నెలలు. ఇదే ఊళ్లో ఒక బట్టల కార్ఖానాకి కుట్టుపని తెలిసిన ఆడవాళ్లు కావాలని తెలిసి ఆమెను రప్పించాడు. యార్డుకీ మా వీధికీ బస్సులో గంట దూరం. అతనికి వారానికొక సెలవు.

"వారానికొక్కరోజు మొగుడా?" అన్నాను.

"ఏడాదికి ఇరవై రోజులకంటే నయమే కదా పెద్దమ్మా," అంది.

అందరిలాగే ఆమె కూడా నన్ను పెద్దమ్మ అనేసింది. నేనామెకి మిషనమ్మాయి అని పేరు పెట్టాను. మూడు నెలలు పరీక్ష కాలమట. ఆ తర్వాత కార్ఖానా సంతకం పెడితే ఉండొచ్చు, పెట్టకపోతే వచ్చిన దారినే పోవాలి. ఈ దేశంలో ఉండటానికి ఇచ్చిన కాగితం ఆ పనికే ముడిపెట్టి ఉంది.

అంత భయస్థురాలిని నేను పుట్టి ఎరగను. లిఫ్టు ఎక్కదు. వీధిలో గోడని ఒరుసుకుంటూ నడుస్తుంది. తలుపు గంట మోగితే లోపల దీపం ఆరిపోతుంది. ఖాకీ అయినా నీలమైనా ఒంటి మీద ఒక్కరంగు దుస్తులున్న మనిషి కనిపిస్తే చాలు, సంచిలోంచి ఆ కాగితం తీసి చూపిస్తుంది. ఒకరోజు మెట్ల మీద ఉత్తరాలు పంచే మనిషికి చూపించింది. పాపం అతను తనకిచ్చిన ఉత్తరమే అనుకుని సంచిలో వేసుకోబోయాడు. నేను పరుగెత్తుకెళ్లి లాక్కోవాల్సి వచ్చింది.

వెల్డరు సెలవు రోజున తొమ్మిదింటికల్లా వచ్చేవాడు. ఆ రోజు మాత్రం నేను తలుపు కొట్టేదాన్ని కాదు, నాకూ ఆమాత్రం ఇంగితం ఉంది. మర్నాడు మాత్రం అడిగేదాన్ని.

"ఏం చేశారే నిన్నంతా?"

"ఆయన పడుకున్నారు పెద్దమ్మా."

"నువ్వో?"

"నేను చూశాను."

అలా తొమ్మిది వారాలు గడిచాయి. ఇంకో మూడు వారాలైతే గండం గట్టెక్కినట్టే అనుకుంటున్నాం. ఆ వారంలో ఒకరోజు ఆమె నాలుగింటికే తిరిగొచ్చింది. రోజూ ఆరున్నర అవుతుంది. పైగా కాళ్లకి చెప్పులు లేవు, చేతిలో పట్టుకుంది. గదిలోకి వెళ్లింది గానీ దీపం వేయలేదు. నేను గాజు కంత దగ్గర ఒకటి, రెండు, మూడు అని వందదాకా లెక్కపెట్టి ఆగలేక వెళ్లాను.

పెట్టె మంచం మీద తెరిచి ఉంది. అందులో రెండు చీరలు, మడత పెట్టనివి.

"ఎక్కడికే?"

"వాళ్లు పంపించకముందే నేనే పోతాను."

నీళ్లు తాగించి, పక్కన కూచుని, ముక్కా ముక్కా రాబట్టాను. కార్ఖానాలో గుడ్డ కత్తిరించే మనిషి చెయ్యి విరిగి సెలవు పెట్టింది. హోటలు పనివాళ్లు తొడుక్కునే కోట్లు నలభై కుట్టి పంపాలి. నీకు పదేళ్ల అనుభవం ఉందిగా అని సూపర్వైజరమ్మ ఈమెకి కత్తెర ఇచ్చింది. కోసిందీ, పక్కకుట్లు వేసిందీ ఈమే. నలభై కోట్లకి సరిపడా కొలిచి పంపిన గుడ్డ ముప్పై నాలుగు కోట్లకే అయిపోయింది. అలాంటి గుడ్డ ఈ ఊళ్లో ఇంకెక్కడా లేదట.

"అందరి ముందూ నా సంచి తిరగేసి దులిపారు పెద్దమ్మా. నా అన్నం డబ్బా మూత కూడా తీసి చూశారు."

"నీ సంచిలో ఏముంటుందని!"

"ఏమీ లేదు. అయినా దొంగని చూసినట్టే చూశారు. రేపు పొద్దున ఆయన్ని కూడా తీసుకుని ఆఫీసుకి రమ్మన్నారు. నాకు పూచీ ఉన్నది ఆయనే కదా. నాకు దొంగ ముద్ర వేస్తే ఆయన కాగితం కూడా పోతుంది."

"మరి గుడ్డ ఏమైంది? రెక్కలొచ్చి ఎగిరిపోలేదు కదా?"

ఆమె తన చూపుడువేలూ నడిమివేలూ కలిపి చూసుకుంది.

"కోట్లలోనే ఉంది," అంది.

మన దగ్గర జాకెట్టు కుట్టినా, లంగా కుట్టినా పక్కకుట్టు లోపల రెండు వేళ్ల గుడ్డ వదులుతారు. రేపు ఒళ్లు చేస్తే కుట్టు విప్పుకోవాలి కదా. వదలని దర్జీని వీధిలో నిలబెట్టి కడిగేస్తారు. ఇక్కడ కొలతకి కోసిన అట్టముక్క పెట్టి దాని అంచు వెంబడే కోయాలి, వెంట్రుకవాసి బయటికి పోకూడదు. ఈమె అట్ట పెట్టి గీత గీసింది. చెయ్యి మాత్రం తన అలవాటున గీతకి రెండు వేళ్లు బయటగా నడిచింది. కుట్టేటప్పుడు అట్ట చెప్పిన కొలతకే కుట్టింది కాబట్టి కోటు కొలత సరిపోయింది. మిగిలిన గుడ్డంతా లోపలికి వెళ్లి దాక్కుంది.

"ఓసి నీ తెలివి తెల్లారా! ఆ ముక్క అక్కడే చెప్పొద్దూ?"

"ఎలా చెప్పను? కార్ఖానాలో పదేళ్లు పనిచేసినదాన్ని ఇలా ఎందుకు కోస్తానని అడగరా? నేను మా వరండా దాటి ఎప్పుడు కుట్టాను పెద్దమ్మా? ఫారంలో ఆ పదేళ్లూ ఆయనే రాయించారు. చెబితే అబద్ధాలకోరునవుతాను. చెప్పకపోతే దొంగనవుతాను."

ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఏమిటో ఆ గదిలో కూచుని చూశాను. ఆమె ఫోను ముట్టుకోనంది. వెల్డరుకి నేనే ఫోను చేశాను. వెనక ఇనుము మోగుతుండగానే, పొద్దున్నే వస్తానన్నాడు.

పొద్దున్న యార్డు బట్టల్లోనే వచ్చాడు. ఆమె చీర కట్టుకుని, కాగితాన్ని గుండెకి అదుముకుని సిద్ధంగా ఉంది. నాకు ఇక్కడి భాష బజారుకి సరిపడా వచ్చు కాబట్టి నన్నూ రమ్మన్నారు. రమ్మనకపోయినా వెళ్లేదాన్నే. బస్సులో అతను గొంతు తగ్గించి, నాకు వినపడదనుకుని మొదలుపెట్టాడు.

"ఆ కోట్ల సంగతి ఎత్తకు. పాత కత్తెర, కోత తప్పిందను. గుడ్డే తక్కువ వచ్చిందేమో అను. వాళ్లు విప్పి చూస్తారా ఏంటి?"

"చూడకపోతే నేను దొంగనే కదండీ?"

"చూస్తే ఇద్దరం పోతాం."

నేను కిటికీలోంచి చూస్తున్నట్టు నటిస్తున్నాను. అతను మాత్రం ఏం చేస్తాడు? చేతులు మోకాళ్ల మధ్య దాచుకుని కూచున్నాడు.

కార్ఖానా అంటే నేను చాలా పెద్దదనుకున్నాను. ఒక గోదాములో పద్దెనిమిది మిషన్లు, గాలిలో నూలు దూది, ఒక మూల ఇస్త్రీ బల్ల. మేం లోపలికి నడుస్తుంటే మిషన్లన్నీ ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆఫీసు గదిలో యజమానురాలు కళ్లజోడు ముక్కు చివర పెట్టుకుని కూచుంది. సూపర్వైజరమ్మ గోడకానుకుని నిలబడింది. ఆ ముప్పై నాలుగు కోట్లూ పక్కన కడ్డీకి వేలాడుతున్నాయి.

"గుడ్డ ఎక్కడుందో అడగండి," అంది యజమానురాలు నాతో.

నేను తెలుగులో అడిగాను. నా మనసు ఎంత పాడుదంటే, ఆమె ఏం చెప్పినా దాన్ని మార్చి నాకు నచ్చిన అబద్ధం చెప్పేద్దామని అప్పటికే ఒకటి అల్లి పెట్టుకున్నాను. వెల్డరు నేలకేసి చూస్తున్నాడు.

ఆమె కడ్డీ దగ్గరికి వెళ్లింది. ఒక కోటు తీసి బల్ల మీద తిరగేసింది. అస్తరు లేని కోటు. పక్కకుట్టు విడదీసి పట్టుకుంది. లోపల, మడిచి ఇస్త్రీ చేసిన గుడ్డ, పొడుగునా. దాని మీద తన రెండు వేళ్లూ ఆనించింది.

యజమానురాలు లేచి కొలబద్ద పెట్టి చూసింది. ఇంకో కోటు తిరగేసింది, ఇంకోటి. ఎనిమిదో కోటు దగ్గర ఆగింది.

"ఏ కార్ఖానాలో ఇలా కోస్తారు?"

ఈ ప్రశ్నకే కదా ఇంత భయపడింది! నేను తెలుగులో చెప్పకుండా గొంతు సవరించుకుంటూ నిలబడ్డాను. కానీ తొమ్మిది వారాల్లో ఆమెకి కార్ఖానా అన్న మాట ఎప్పుడో వచ్చేసింది. తనకొచ్చిన నలభై మాటల్లోంచి ఏరుకుని, నా మొహం చూడకుండా, మొగుడి మొహం చూడకుండా చెప్పింది.

"కార్ఖానా లేదు. ఇల్లు. నా ఇల్లు."

వెల్డరు కళ్లు మూసుకున్నాడు. సూపర్వైజరమ్మ గోడని వదిలి ఒకడుగు ముందుకొచ్చి, కత్తెర ఇచ్చింది తానేననీ, పక్కన నిలబడి చూడలేదనీ చెప్పింది. ఆ గదిలో భయం లేనిది ఆ కొలబద్దకొక్కదానికే.

యజమానురాలు ఫైలు తిరగేసింది. ఫారం మీద పదేళ్లు అని రాసిన చోట వేలు పెట్టి, ఇలాంటి కాగితం పెట్టినవాళ్లని తాను మామూలుగా ఆ రోజే పంపించేస్తానంది. నేను తెలుగులో చెప్పాను. తర్వాత యజమానురాలు దొంగతనమని రాసిన కాగితం విడిగా తీసి చింపి బుట్టలో వేసింది. హోటలు వాళ్లకి తనే సంజాయిషీ చెప్పుకుంటానంది. కత్తెర ఇక ముట్టుకోకూడదు, మిషను మీద కూచోకూడదు, ఇస్త్రీ బల్ల దగ్గర పని. పరీక్ష కాలం మళ్లీ మొదటిరోజునుంచి మూడు నెలలు. ఇష్టమైతే ఇప్పుడే మొదలుపెట్టమంది.

నేనిది చెప్పగానే మిషనమ్మాయి అడిగినదొక్కటే. "అంటే ఉండొచ్చా పెద్దమ్మా?"

"మూడు నెలలు ఉండొచ్చే."

బయట నడవలో వెల్డరు గోడకి తల ఆనించి నవ్వాడో ఏడ్చాడో నాకు తెలియలేదు. "పదేళ్ల దర్జీకి ఇస్త్రీ పెట్టె ఇచ్చారా," అన్నాడు.

"అంతా మీ పదేళ్ల మూలానే," అంది ఆమె. అతనిని ఒక్క మాట అనడం నేను వినడం అదే మొదటిసారి. "వెళ్లండి, మీ ఫోర్మన్ అరుస్తాడు."

అతను బస్సు కోసం పరుగెత్తాడు. ఆమె అటు చూడకుండా లోపలికి వెళ్లి, చేతికి నీళ్లు అద్దుకుని ఇస్త్రీ పెట్టె వేడి చూసింది.

ఇది రాసే రోజుకి ఇంకా నలభై ఒక్క రోజులున్నాయి. సంతకం పెడతారో లేదో ఎవరికీ తెలియదు. సూపర్వైజరమ్మని బజారులో ఆపి అడిగితే, చూద్దాం అని తప్పించుకుంది. మిషనమ్మాయి తమలపాకులాంటి లేత చేతి మీద ఇప్పుడు రెండు కాలిన మచ్చలు. మొగుడికి ముంజేతుల నిండా ఉన్నవి చాలక ఈమె కూడా మొదలెట్టింది. ఈ పొద్దున మెట్ల మీద ఎదురుపడింది.

"ఏమే, ఇంకా భయంగానే ఉందా?"

"ఉంది పెద్దమ్మా. బస్సు వెళ్లిపోతుంది, జరగండి."